బాబాయి బండిలో వెలిగిన పసుపు దీపం

ఆ శనివారం పొద్దున అమలాపురం శివార్లలోని కారు ఏజెన్సీలో, సర్వీసు కౌంటరు దగ్గర ఉన్నవాళ్ళు ముగ్గురు: మా బాబాయి, నేను, సర్వీసు అడ్వైజరు. ఉన్న వస్తువులు: అద్దాల గోడకి అవతల బానెట్ తెరుచుకుని నిలబడ్డ మా బాబాయి ఏడు సీట్ల డీజిల్ బండి, కౌంటరు మీద ఒక ట్యాబు, అందులో ఎస్టిమేటు, కౌంటరు కింద మా పిన్ని పంపిన చక్రకేళి గెల, నా బ్యాగులో టార్చి, స్క్రూడ్రైవరు, మా బాబాయి చొక్కా జేబులో పాసుపోర్టు. ఈ చివరిది అక్కడుందని నాకు అప్పటికింకా తెలీదు.

గెల సంగతి ముందే చెప్పేస్తాను. పిన్ని లెక్కలో ఎవరింటికీ ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. ఆసుపత్రి, కరెంటాఫీసు, కారు ఏజెన్సీ, అన్నీ ఎవరో ఒకరి ఇళ్ళే. "పాపం పొద్దస్తమానం ఆ మసిలో పనిచేస్తారు, తలా రెండు తింటారు" అని దగ్గరుండి డిక్కీలో పెట్టించింది. అడ్వైజరు గెలని చూసి కాస్త ఇబ్బంది పడ్డాడు. లక్షా ముప్ఫై ఎనిమిది వేల ఎస్టిమేటు చూపించబోతున్న మనిషికి అరటిపళ్ళు అందుకోవడం ఇబ్బందే మరి.

మా బాబాయి ఖతర్‌లో పదహారేళ్ళు ఒక కంపెనీలో డ్రైవరుగా చేసి, రెండేళ్ళ క్రితం తిరిగొచ్చేశాడు. వస్తూనే కొత్తపేటలో ఈ పాత బండి కొన్నాడు. దిండి రిసార్టుకి వచ్చినవాళ్ళని తిప్పడం, పెళ్ళిళ్ళు, అంతర్వేది దర్శనాలు, వీటన్నిటికంటే ఎక్కువగా గల్ఫు వెళ్ళేవాళ్ళని రాజమండ్రి విమానాశ్రయంలో దింపిరావడం. చుట్టుపక్కల ఊళ్ళలో నెలకి ఒకరో ఇద్దరో వెళ్తూనే ఉంటారు. ఎయిర్‌పోర్టులో ఏ గేటు దగ్గర ఆగాలో, ఆవకాయ జాడీ ఎలా కట్టాలో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు కాబట్టి అందరూ ఆయన్నే పిలుస్తారు.

బండి బాగానే తిరిగింది. రెండు నెలల క్రితం డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. ఏజెన్సీకి తీసుకెళ్తే కంప్యూటరు తగిలించి లైటు ఆర్పి పంపించారు. కొన్నాళ్ళకి మళ్ళీ వెలిగింది. ఈసారి లైటుతోపాటు లాగుడు కూడా తగ్గింది. రావులపాలెం దాటాక గౌతమి వంతెన ఎక్కేటప్పుడు ఏడుగురు మనుషులూ సామానూ ఉన్న బండి రెండో గేరులో మూలుగుతూ ఎక్కిందట. వెనక లారీవాడు హారను కొడుతూనే ఉన్నాడట. దుబాయి వెళ్ళాల్సిన కుర్రాడు ఫ్లైటు అందదేమోనని వెనక సీట్లోంచి ప్రతి కిలోమీటరుకీ టైము చెబుతూనే ఉన్నాడట. ఆ రోజు నుంచి బాబాయి మాట తగ్గించాడు. ఈ బండి తనకి అచ్చిరాలేదని ఇంట్లో రెండు మూడుసార్లు అన్నాడని పిన్ని ఫోన్లో చెప్పింది. అందుకే ఆ శనివారం సెలవు పెట్టి నేను కూడా వెళ్ళాను.

నేను మామిడికుదురు దగ్గర గ్యాసు బావుల మీద ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తాను. గొట్టంలో ఎంత గ్యాసు పోతోంది, ఎంత ఒత్తిడిలో పోతోంది అని కొలిచే మీటర్లు చూసుకోవడమే నా ఉద్యోగం. కార్ల పని నాకు రాదు. కానీ మా పనిలో మొదటి రోజే నేర్పే సూత్రం ఒకటుంది: అంకె తేడాగా కనిపిస్తే బావిని అనుమానించే ముందు మీటరుని అనుమానించు.

అడ్వైజరు ట్యాబు మా వైపు తిప్పాడు. నా వయసువాడే. నీట్‌గా టక్ చేసుకున్నాడు.

"సార్, ఇదండీ పరిస్థితి. టర్బో మార్చాలండి. ఈజీఆర్ వాల్వు మార్చాలండి. ఇంజెక్టర్లు నాలుగూ మార్చేస్తే బెటరండి. ఇంజను ఫ్లష్ ఒకటి చేస్తామండి, అది ఆప్షనల్ అండి, కానీ చేయించుకుంటేనే మంచిదండి."

"ఆయ్" అన్నాడు బాబాయి.

"మొత్తం లక్షా ముప్ఫై ఎనిమిదండి. జీఎస్టీతో కలిపేనండి."

"ఆయ్" అన్నాడు బాబాయి మళ్ళీ. మొదటి ఆయ్ కంటే ఇది చిన్నది.

నేను ట్యాబు తీసుకుని చదివాను. నాలుగు పెద్ద పనుల తర్వాత చిన్న అక్షరాల్లో మరో పన్నెండు వరసలున్నాయి. వైపర్లు చూశాం, బాగున్నాయి. బ్యాటరీ చూశాం, బాగుంది. ఎయిర్ ఫిల్టర్ చూశాం, బాగుంది. అన్నిటి పక్కనా ఆకుపచ్చ టిక్కులు.

"కంప్యూటరులో ఏ కోడ్ వచ్చిందండీ?" అని అడిగాను.

"చెక్ ఇంజను కోడ్ అండి."

"అది లైటు పేరు కదండీ. కోడ్ నంబరు?"

"స్కాన్ రిపోర్టు మామూలుగా కస్టమరుకి ఇవ్వమండి."

బాబాయి నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. గొంతు తగ్గించి, "ఒరేయ్ అబ్బాయ్, కంపెనీవాళ్ళని అలా గుచ్చి గుచ్చి అడక్కూడదురా. ఖతర్లో లైటు వెలిగితే తాళం చెవులిచ్చేసి వచ్చేసేవాళ్ళం. సాయంత్రానికి బండి రెడీ. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు" అన్నాడు.

"అక్కడ బండి నీదా బాబాయ్?"

"కాదు."

"డబ్బులు నువ్వు కట్టేవాడివా?"

"కంపెనీ కట్టేది."

"మరి?"

"నోర్మూసుకో. ఇంజినీరువైపోయేవు" అన్నాడు. కోపంగా అనలేదు. అలా అంటూ జేబు సర్దుకుంటుంటే ముదురు నీలం అట్ట అంచు కనిపించింది.

"అదేంటి బాబాయ్?"

ఆయన అద్దాల గోడలోంచి బండివైపు చూశాడు. "పాత కంపెనీవాళ్ళే పిలుస్తున్నారురా. డ్రైవరు వీసా. సోమవారంలోపు పాసుపోర్టు ఇమ్మన్నాడు ఏజెంటు. ఇక్కడ ఎంత చెబుతారో చూసి అటే వెళ్దావని తెచ్చేను. అంత పెట్టి బాగుచేయిస్తే ఏడాదంతా తిరిగినా మిగలదు. ఈ స్థితిలో అమ్మితే కొనేవాడుండడు. ఇంకో రెండేళ్ళు వెళ్ళొస్తే..."

"పిన్నికి తెలుసా?"

"చెప్తాను" అన్నాడు. చెప్పలేదని అర్థం.

రెండేళ్ళు అని ఆయన అంతకుముందు ఎనిమిదిసార్లు అన్నాడు. అలాగే పదహారయ్యాయి. వాళ్ళమ్మాయి ఇంటర్ చదువుతోంది. చిన్నప్పుడు ఫోన్లో తప్ప నాన్నని చూడని ఆ పిల్ల, ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఫోన్లో మాట్లాడినట్టు గట్టిగా అరిచి మాట్లాడేది. ఈ రెండేళ్ళలోనే మామూలు గొంతుకి వచ్చింది.

నేను మళ్ళీ కౌంటరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఒక అరటిపండు ఒలిచి అడ్వైజరు చేతిలో పెట్టాను. "నంబరు చెప్పండి చాలు. రిపోర్టు ఇవ్వొద్దు" అన్నాను. పండు చేతిలో పట్టుకుని లేదనడం మా వైపు మనిషికి కష్టం. అతను కంప్యూటరు తన వైపే ఉంచుకుని నంబరు చదివాడు. ఫోన్లో వెతికాను. ఇంజనులోకి వెళ్ళే గాలి కొలతలో తేడా ఉందని దాని అర్థం. అంతే. టర్బో అని లేదు, ఇంజెక్టరు అని లేదు.

"మరి టర్బో ఎందుకు మార్చాలంటున్నారండీ?"

"ఆ కోడ్ వస్తే దానికి సంబంధించి ఏమేం పోయే అవకాశం ఉందో సిస్టమే లిస్టు చూపిస్తుందండి. మేం అన్నీ పెడతాం. తర్వాత ఏదైనా మిస్సయితే కస్టమరు మమ్మల్నే అంటారు కదండీ." పండు తింటూ ఇంకొంచెం నిజం చెప్పాడు. "నెలకి ఇంత అని పైనుంచి కూడా ఉంటుందండి మాకు."

అతని మీద నాకు కోపం రాలేదు. మా ఆఫీసులోనూ నెలకి ఇంత అని పైనుంచి ఉంటుంది.

"బండి ఒకసారి చూడొచ్చా?"

"కస్టమర్లు లోపలికి రాకూడదండి" అన్నాడు. గెల వైపు చూశాడు. "సరే రండి. గెల కూడా పట్టుకురండి. లోపలివాళ్ళకి ఇచ్చేద్దాం."

లోపల మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. నలభై దాటిన మనిషి. అరటిపళ్ళు చూడగానే చేతులు తుడుచుకున్నాడు. నేను బ్యాగులోంచి టార్చి తీసి, అందరికీ వినపడేలా నా సిద్ధాంతం ప్రకటించాను. కొబ్బరితోట పక్కన నిలబెట్టే బండి. తోటలో ఎలుకలు. ఎలుక గాలి గొట్టాన్ని కొరికింది. కొరికిన కంతలోంచి కొలతకి రాని గాలి లోపలికి పోతోంది. అందుకే కంప్యూటరుకి లెక్క కుదరడం లేదు. చక్కటి సిద్ధాంతం. ఒక్క లోపం కూడా లేదు.

బండి కింద పడుకుని, మీద వాలి, పక్కన కూర్చుని, గొట్టం మొత్తం వేలితో తడుముతూ వెతికాను. చొక్కా మీద మూడు చోట్ల మసి అంటింది. గొట్టం కొత్తదానిలా ఉంది. ఎలుక మూతి పెట్టిన గుర్తు కూడా లేదు.

"దొరికిందాండీ ఎలక?" అన్నాడు మెకానిక్కు, రెండో పండు ఒలుస్తూ.

"లేదండీ."

"మీ ఊరి ఎలకలు మంచివండీ. మొన్న ముమ్మిడివరం బండి ఒకటొచ్చింది, వైరింగు మొత్తం తినేసేయి."

బాబాయి పక్కకి తిరిగి నవ్వాడు. రెండు నెలల్లో ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నా సిద్ధాంతం అందుకైనా పనికొచ్చింది.

గొట్టం బాగుంటే ఇక చూడాల్సింది అది మొదలయ్యే చోటు. అక్కడ ఎయిర్ ఫిల్టరు డబ్బా. దాని తర్వాత గాలిని కొలిచే సెన్సరు. ఫిల్టరు చూశాం, బాగుంది అని ట్యాబులో ఆకుపచ్చ టిక్కు ఉంది. కానీ డబ్బా క్లిప్పుల మీద దుమ్ము చెక్కుచెదరకుండా ఉంది. అడ్వైజరు ఆ దుమ్మునీ నన్నూ చూశాడు. మెకానిక్కే ముందుకొచ్చి క్లిప్పులు ఊడదీశాడు.

మూత లేచింది. మెకానిక్కు వెనక్కి తగ్గాడు. అడ్వైజరు ముక్కు ఎగబీల్చాడు. పక్క బండి దగ్గరున్న వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

డీజిల్, గ్రీజు, టైర్ల రబ్బరు వాసనల మధ్య ఆ డబ్బాలోంచి సాంబ్రాణి వాసన గుప్పుమంది.

"ఇదేంటండీ బాబూ, గుడి తలుపులు తీసినట్టుంది!" అన్నాడు మెకానిక్కు.

ఫిల్టరు బయటికి తీశాం. తెల్లగా ఉండాల్సిన కాగితం మడతలు ఒక మూలన బెల్లం పాకం పోసినట్టు గోధుమరంగుకి తిరిగి జిగురుగా ఉన్నాయి. నేను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. సందేహం లేదు. కొబ్బరి చిప్పల నిప్పు మీద వేసిన సాంబ్రాణి. మా ఇళ్ళల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చే వాసన.

నేను బాబాయి వైపు తిరిగాను. ఆయన ఇంకెటో చూస్తున్నాడు.

"బాబాయ్, పిన్ని బండికి ధూపం వేస్తోందా?"

"వేస్తాదిరా. ఇల్లంతా వేసి, ఆఖర్న బండికీ వేస్తాది. దానికేం?"

"ఎక్కడ వేస్తోంది?"

"నేను వరండాలో కూర్చుంటాను. ఎక్కడ వేస్తాదో నాకేం తెల్సు?"

ఫోన్ చేసి స్పీకరులో పెట్టాను. స్పీకరులో పెట్టడం పొరపాటో మంచిదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

"పిన్నీ, శుక్రవారం బండికి సాంబ్రాణి వేస్తున్నావా?"

"ఆయ్, వేస్తున్నాను. వెయ్యకపోతే ఎలారా? ఊళ్ళో కళ్ళన్నీ దాని మీదే. గెల ఇచ్చేరా వాళ్ళకి?"

"ఇచ్చాం. తింటున్నారు. బండికి ఎక్కడెక్కడ వేస్తావు?"

"ముందు నాలుగు చక్రాలకీ. తర్వాత లోపల సీట్లకి. ఆఖర్న బానెట్టు ఎత్తి ఇంజనుకి."

"ఇంజను ఆపేసేనా?"

"ఆపేసి వేస్తే ఏం ఫలితంరా? మా నాన్నగారి కొబ్బరిపీచు మిల్లులో శుక్రవారం మోటార్లు తిరుగుతుండగానే వేసేవారు. ఆగిపోయిన మోటారుకి ధూపం వేస్తే నిద్రపోతున్నవాడి నోట్లో ప్రసాదం పెట్టినట్టే. మీ బాబాయిగారే తాళం తిప్పి వెళ్ళి పేపరు పట్టుకు కూర్చుంటారు."

మెకానిక్కు తినడం ఆపి వింటున్నాడు.

"ఇంజనుకి ఎక్కడ పెడతావు పిన్నీ?"

"లైటు వెనకాల నల్ల గొట్టం ఒకటుంటాది చూడు. దాని మూతి దగ్గర ధూపం పాత్ర పెడితే పొగంతా లోపలికి లాక్కుంటాదిరా! ఎంత ఇష్టంగా పీల్చుకుంటాదో. మొదటివారం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఏ దేవుడూ అలా ఎదురుగా తీసుకోడు నాన్నా. ఇదొక్కటే తీసుకుంది."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ అంత సంతోషంగా చెప్పింది మరి.

"మధ్యలో ఆ పసుపు లైటు వెలుగుతోందని మీ బాబాయిగారు దిగులు పడుతుంటే, ఇంకా కాస్త ఎక్కువ వేస్తున్నాను. ఇదివరకు చిటికెడు వేసేదాన్ని. ఇప్పుడు రెండు గుప్పిళ్ళు."

మా పనిలో దీనికి బొమ్మ గీసి చూపిస్తారు: తప్పు పెరిగితే మందు పెరుగుతుంది, మందు పెరిగితే తప్పు పెరుగుతుంది, ఎవరో ఒకరు మధ్యలో ఆపాలి. కాలేజీలో ఆ పాఠం నాకు సరిగ్గా ఎక్కలేదు. ఆ రోజు ఎక్కింది.

"పిన్నీ, అది..." అని నేను మొదలుపెట్టబోతే ఆవిడే ఆపింది. గొంతు తగ్గింది.

"నాన్నా, ఆయన పక్కన లేరు కదా?"

ఉన్నారని చెప్పేలోపు అనేసింది.

"పొద్దున బీరువాలో చూసేను, పాసుపోర్టు లేదు. నేనేమీ అడగలేదు. ఆ బండి బాగా తిరిగితే ఉండిపోతారని కదురా, దానికి వారం వారం ఇంత చేస్తున్నాను. అది కాస్త బాగుచేయించి పంపించు నాన్నా. ఏం మార్చాలంటే అవి మార్పించు. నా గాజులున్నాయి."

బాబాయి చెయ్యి జేబు మీదకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అడ్వైజరు ట్యాబులోకి చూస్తున్నాడు. దాని తెర ఆరిపోయి ఉంది.

"ఏమీ మార్చక్కర్లేదు పిన్నీ" అన్నాను. "సాయంత్రం వచ్చి చెప్తాను. ఈలోపు సాంబ్రాణి డబ్బా మూతపెట్టి పైన పెట్టు."

మెకానిక్కు అడక్కుండానే సెన్సరు విప్పి తెచ్చాడు. చిటికెన వేలంత ఉంటుంది. లోపల సన్నటి తీగ ఒకటి వేడిగా ఉంటుంది. గాలి తగిలితే తీగ చల్లబడుతుంది. దాన్ని మళ్ళీ వేడిగా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో లెక్కేసి, ఎంత గాలి వెళ్ళిందో కంప్యూటరు తెలుసుకుంటుంది. ఆ తీగ మీద సాంబ్రాణి జిగురు పల్చటి పొరలా పట్టేసింది. దుప్పటి కప్పుకున్నవాడికి చలి తెలీనట్టు దానికి గాలి తెలీడం లేదు. గాలి తక్కువగా వస్తోందనుకుని కంప్యూటరు డీజిల్ తగ్గించింది. డీజిల్ తగ్గితే వంతెన ఎక్కదు. టర్బో పాపం ఏ తప్పూ చేయలేదు.

మెకానిక్కు స్ప్రే డబ్బాతో తీగని కడిగాడు. కడుగుతుంటే ఒకసారి సాంబ్రాణి వాసన లేచింది, తర్వాత స్ప్రే వాసనే మిగిలింది. ఆరనిచ్చి బిగించి, కొత్త ఫిల్టరు వేసి, లైటు ఆర్పాడు. అడ్వైజరు ట్యాబులో ఒక్కో వరసా కొట్టేసుకుంటూ వచ్చాడు. ఫ్లష్ దగ్గర ఆగి, అలవాటు కొద్దీ, "ఇది ఆప్షనల్ అండి..." అన్నాడు. మెకానిక్కు అతని వైపు చూశాడు. దాంతో అడ్వైజరు అదీ కొట్టేశాడు. బిల్లు రెండు వేలు కూడా కాలేదు.

అడ్వైజరు గేటు దగ్గరికి వచ్చి, "సారీ అండి. ఫిల్టరు తీసి చూడాల్సింది" అన్నాడు.

"తీసి చూసినా సాంబ్రాణి అని మీ సిస్టములో ఉండదు కదండీ" అన్నాడు బాబాయి. ఆయన ఎవర్నీ చిన్నబుచ్చలేడు.

నేను గెలిచాననుకున్నాను. బాబాయి అనుకోలేదు. బండి ఎక్కి, ఇంటివైపు కాకుండా ఏజెంటు ఆఫీసు వైపు ఇండికేటరు వేశాడు. కూడలి దగ్గర బండి ఆపాడు.

"అబ్బాయ్, లైటు ఇదివరకు కూడా ఆరింది. ఖాళీ బండి కాబట్టి లాగుతోంది. రేపు ఎయిర్‌పోర్టు బుకింగుంది, బండి నిండా మనుషులూ సామానూ. వంతెన మీద మళ్ళీ మొరాయిస్తే?"

"సోమవారం దాకా టైముంది కదా. రేపు వంతెన ఎక్కాకే చూద్దాం."

ఆయన కాసేపు స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకున్నాడు. తర్వాత ఇండికేటరు మార్చాడు.

ఆదివారం నేనూ ఎక్కాను. పక్క ఊరి కుర్రాడు మొదటిసారి మస్కట్ వెళ్తున్నాడు. అతన్ని పంపడానికి నలుగురు వచ్చారు. రెండు పెద్ద అట్టపెట్టెలు, ఒక సంచీ, ఒడిలో ఆవకాయ డబ్బా. అంటే బండికి అచ్చంగా కావలసిన పరీక్షే. వెనక సీట్లో నన్ను అట్టపెట్టెకీ కిటికీకీ మధ్య కుక్కారు.

కుర్రాడు బాబాయిని అడుగుతూనే ఉన్నాడు. "అక్కడ ఎలా ఉంటాదండీ?"

"ఎండగా ఉంటాది."

"మనుషులెలా ఉంటారండీ?"

"అందరూ మనవాళ్ళే కనపడతారు."

"మరి బాగానే ఉంటాదన్నమాట!"

"ఫోను బాగా పనిచేస్తాది" అన్నాడు బాబాయి.

రావులపాలెం దాటాం. వంతెన ఎత్తు మొదలైంది. బాబాయి ఏసీ ఆపేశాడు. పాట కూడా ఆపేశాడు. ఎందుకు ఆపారని ఎవరూ అడగలేదు. గల్ఫు వెళ్ళే బండిలో వంతెన మీద ఎలాగూ అందరూ మాట మానేస్తారు, గోదావరి చూస్తారు. నేను మాత్రం ఇంజను చప్పుడు విన్నాను. ఎక్కడా బిగబట్టలేదు. ముందు ఇసుక లారీ ఒకటి వెళ్తోంది. బాబాయి అద్దంలో నన్ను చూశాడు. గేరు తగ్గించకుండానే కాలు నొక్కాడు. నాలుగో గేరులోనే లారీని దాటి ఎక్కేశాం.

"బండి బలే లాగుతోందండీ!" అన్నాడు కుర్రాడి మావయ్య.

"ఆయ్. దానికి మంచి వాసనంటే ఇష్టవండి" అన్నాడు బాబాయి. మిగతావాళ్ళకి అర్థం కాలేదు. నేను అట్టపెట్టె వెనక నవ్వుకున్నాను.

కుర్రాణ్ణి దింపి తిరిగొచ్చేటప్పుడు వంతెన దిగాక బండి పక్కన ఆపి ఫోన్ తీశాడు.

"నమస్కారవండి, నేనేనండి. ఆయ్... లేదండి, రేపు రానండి. పాసుపోర్టు ఇంట్లో పెట్టేసేనండి. అబ్బే, జీతం గురించి కాదండి, మంచి జీతవే. బండికి బుకింగులున్నాయండి. ఆయ్... వేరే ఎవరినైనా చూసుకోండి. ఉంటానండి."

ఇంట్లో పెట్టేసేనండి అన్నప్పుడు అది ఇంకా ఆయన జేబులోనే ఉంది. ఇంటికి వెళ్ళాక తీసి పిన్ని చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని తెరిచింది. పేజీలు తిప్పుతూ, అరబ్బీ ముద్రలన్నీ దాటాక, నన్ను అడిగింది.

"ఇంకా ఎన్ని ఖాళీగా ఉన్నాయిరా?"

లెక్కపెట్టాను. "పందొమ్మిది."

"అలాగే ఉండనీ" అని బీరువాలో చీరల కింద పెట్టింది.

అసలు కష్టం తర్వాతి శుక్రవారం వచ్చింది. ఇంజను ఆపి ధూపం వేయమని నేను చెప్పాను. పిన్ని ఒప్పుకోలేదు. ఇంజను తిరుగుతుంటే వెనక, పొగగొట్టం దగ్గర వేయమన్నాను. వేసి చూసింది. "తీసుకోవడం లేదురా, నా మొహం మీదకే ఊదేస్తోంది. దానికి కోపం వచ్చింది" అంది. సెన్సరు తీగ, గాలి, కరెంటు, అన్నీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది నిజవే కానీ, నిద్రపోయేదానికి ఎలా వేస్తాం?" అంది. రాజీ బాబాయే కుదిర్చాడు. ఇంజను ఆపేసి, బానెట్ మూసేసి, ఆయన లోపల కూర్చుని హారను ఒక్కసారి కొడతాడు. అంటే బండి మేలుకున్నట్టు. హారను మోగగానే పిన్ని చక్రాలకి, సీట్లకి ధూపం చూపించి, నల్ల గొట్టానికి దూరంనుంచే ఒక దణ్ణం పెడుతుంది. ఇప్పుడు ఆ వీధిలో శుక్రవారం సాయంత్రం హారను వినపడితే పక్కింటివాళ్ళు కూడా దీపం పెట్టుకుంటారు.

ఏజెన్సీ అడ్వైజరు కూడా ఫోన్ చేస్తుంటాడు. ఎయిర్‌పోర్టుకి ఎవరైనా బండి అడిగితే మా బాబాయి నంబరే ఇస్తాడట. గాలి కొలత కోడ్ వచ్చిన బండి ఏది వచ్చినా ముందు ఫిల్టరు డబ్బా తెరిచి, "ఇంట్లో సాంబ్రాణి వేస్తారాండీ?" అని అడుగుతున్నాడట. ఇప్పటిదాకా ఇంకెవరూ దొరకలేదని కొంచెం నిరాశగా చెప్పాడు.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. పసుపు లైటు మళ్ళీ వెలగలేదు. మొన్న బండి ఇన్సూరెన్సు కాగితం కోసం పిన్ని బీరువా తీయమంటే తీశాను. చీరల కింద పాసుపోర్టు అలాగే ఉంది. ఖాళీ పేజీలు పందొమ్మిది.